గుమ్మమున గ్రీకు బొమ్మ

ఒక జాతి దేనిని గౌరవించుచున్నదో తెలిసికొనుటకు దాని సభలలో జరుగు ఉపన్యాసములను ఆలకింప నక్కరలేదు. దాని ఇండ్ల గుమ్మములను చూచిన చాలును. గడపకు పసుపు పూసి, వాకిట ముగ్గు తీర్చి, ద్వారబంధమునకు మామిడాకుల తోరణము కట్టిన ఇల్లాలు ఏ గ్రంథమును చదువకయే తన సంస్కృతి యెట్టిదో వీధివారికి తెలుపుచున్నది. అట్టి గుమ్మమున నేడు మరియొక మూర్తి వచ్చి నిలచినది. ఆ మూర్తిని గురించియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా నుండి నాగారము మీదుగా కీసరకు పోవు బాటకు ఇరుప్రక్కల వెలసిన కొత్త కాలనీలను, ఉప్పలు, నాచారముల వైపున లేచిన మేడలను పాఠకులు ఒకమారు పరికింతురు గాక. ఒక ఇంటి మెట్లకు ప్రక్కగా నడుమువరకు వస్త్రము జారిన, రెండు చేతులు లేని తెల్లని స్త్రీ. మరియొక ఇంటి పచ్చికబయలున పళ్లెరమును విసరబోవు దిగంబర యువకుడు. వేరొకచోట భుజముమీది కూజానుండి నీరు వంచు యవనకన్య. కాలనీవారి క్లబ్బుహౌసున గోడ కంటించిన గ్రీకు స్తంభములు, వాని నడుమ రెక్కల పసివారు. కల్యాణమంటపములకైనచో వీరు లేక శోభయే లేదు. గృహప్రవేశమునకు బంధువులిచ్చు కానుకలలో సయితము జానెడు గ్రీకు బొమ్మ చేరినది.

మా వాదమును ప్రారంభించుటకు ముందు ఒక సంగతి విస్పష్టముగా చెప్పవలసియున్నది. గ్రీకు శిల్పముపై మాకు ద్వేషము లేదు. మానవ శరీరమును రాతిలో ప్రాణవంతముగా నిలిపిన జాతులలో గ్రీకులు అగ్రగణ్యులు. వారి శిల్పమును మ్యూజియములలో చూచి, గ్రంథములలో చదివి, శక్తి గలవారు ఏథెన్సునకు పోయి దర్శించి వత్తురేని మేము సంతోషింతుము. పరుల ఘనతను చూచి జంకుట స్వదేశాభిమానము కాదు. కాని మా ప్రశ్న వేరు. మెట్లప్రక్క నిలిపిన ఈ స్త్రీ యెవరు? ఆమె పేరేమి? ఏ ఊరిది? ఆమె చేతులేమైనవి? ఆ యింటి యజమానిని ఈ నాలుగు ప్రశ్నలు అడిగి చూడుడు. పదిమందిలో తొమ్మండుగురు "ఏదో ఫారిను బొమ్మ, బాగున్నదని పెట్టితిమి" అందురు. మా అభియోగమంతయు ఆ ఒక్క సమాధానములో నున్నది. పేరెరుగని అతిథిని ఎవ్వరును గుమ్మమున నిలువనీయరు. పేరెరుగని బొమ్మను నిలుపుచున్నారనగా, వారు గౌరవించుచున్నది ఆ బొమ్మను గాక, ఆ బొమ్మ వెనుకనున్న పరదేశపు ప్రతిష్ఠను.

వారికి తెలియకున్న మేము చెప్పెదము. ఆ చేతులు లేని స్త్రీ గ్రీకుల ప్రేమదేవతయైన అఫ్రొడైటీ. రోమనుల భాషలో వీనసు. తురుష్కుల యేలుబడిలో నున్న మీలోసు ద్వీపమున 1820లో ఒక రైతు నేలలో ఆమె దొరకినది. ఫ్రెంచి రాయబారి కొని తన రాజగు 18వ లూయీకి సమర్పింపగా 1821లో పారిసునందలి లూవ్రు మ్యూజియము చేరినది. చేతులు లేకుండుట శిల్పి సంకల్పము కాదు. చేతులు గల మూర్తినే అతడు చెక్కెను. అవి కాలవశమున విరిగిపోయినవి. ఆమె కీర్తియు కేవలము సౌందర్యమువలననే వచ్చినది కాదు. నెపోలియను ఇటలీనుండి కొనిపోయిన మెడిచీ వీనసను ప్రసిద్ధ విగ్రహమును, అతడు ఓడిన పిదప 1815లో ఫ్రాన్సు ఫ్లారెన్సునకు తిరిగి యీయవలసి వచ్చెను. పోయిన వీనసు చోట ఈ వీనసును నిలిపి, ఇదియే లోకోత్తరమని ఫ్రెంచివారు నాలుగు దిక్కుల చాటిరి. తమ జాతి పరువు నిలుపుకొనుటకు ఒక విరిగిన రాతికి వారు పట్టముకట్టిరి. అందులకు వారిని తప్పుపట్టము. కాని వారి పరువుకొరకు పుట్టిన కీర్తిని మనము నాచారములో డబ్బిచ్చి కొనుచున్నామని మాత్రము తెలిసియుండవలెను.

ఇచ్చట ఒక వింత కలదు. మన యిండ్లలో దేవుని పటమునకు అద్దము బీటవారినచో దానిని తీసి రావిచెట్టు మొదట పెట్టి వత్తుము. విగ్రహము ముక్కు కొన విరిగినచో భగ్నమూర్తి ఇంట నుండరాదందుము. గృహప్రవేశమునకు ముందు సిద్ధాంతిగారిని రప్పించి మెట్లకు, తలుపులకు, నీళ్లతొట్టికి దిక్కులు చూపించుకొందుము. అంతటి ఆచారపరులమైన మనము రెండు చేతులు విరిగిన దేవతను గుమ్మముప్రక్కనే నిలుపుచున్నాము. సిద్ధాంతిగారును ఏమియు అనుటలేదు! పల్లె చెరువుకట్టమీద ఒరిగియున్న వీరగల్లు మనకు పగిలిన రాయి. గేదెను కట్టుకొనుటకు పనికివచ్చును. మీలోసు ద్వీపపు శిలకు మాత్రము పగులు ఒక అందము. విరుగుట రెండింటికిని సమానమే. పరులు మెచ్చినదానికి అది ఆభరణమగుచున్నది. పరులు చూడనిదానికి అవలక్షణమగుచున్నది.

తెలుపు సంగతి విచారింతము. ఈ బొమ్మలు పాలనురుగువలె తెల్లనుండుటచే నాజూకుగా నున్నవని మనవారు మురియుదురు. కాని గ్రీకులు తమ విగ్రహములను తెల్లగా నుంచలేదు. పెదవులకు ఎరుపు, కనులకు నలుపు, జుట్టునకు వన్నె, వస్త్రపు అంచులకు నీలము ఎరుపుల చిత్రపుపని. ఇట్లు రంగులు పూసిరి. వేల ఏండ్లు మట్టిలో పడియుండుటచే రంగు రాలినది. 1764లో ప్రాచీనకళా చరిత్రను వెలువరించిన జర్మను పండితుడు వింకెల్‌మను మొదలుగా ఐరోపావారు ఆ తెల్లదనమునే సౌందర్య పరాకాష్ఠగా కొనియాడిరి. ఆ మోజు ఎంతవరకు పోయినదనగా, లండనులోని బ్రిటిషు మ్యూజియములో 1937–38 సంవత్సరములలో పార్థెనాను శిల్పములను మరింత తెల్లగా కనబడునట్లు పనిముట్లతో గీకించిరి. అది బయటపడి పెద్ద అపఖ్యాతి యైనది. నేటి శాస్త్రజ్ఞులు రాతి రంధ్రములలో మిగిలిన రంగుకణములను పరీక్షించిరి. జర్మను పండితుడు బ్రింక్‌మను మొదలగువారు 2003లో మ్యూనికు నగరమున రంగులతో కూడిన నమూనాలను ప్రదర్శింపగా లోకము విస్తుపోయెను.

కనుక మన గుమ్మమున నున్న తెల్లబొమ్మ గ్రీకు బొమ్మయు కాదు. గ్రీకులనుగూర్చి ఐరోపావారు పడిన పొరపాటునకు అది నకలు. ఆ కాలపు గ్రీకు శిల్పియే నేడు నాగారమునకు వచ్చినచో, ఈ సుద్దబొమ్మను చూచి తెల్లబోవును. తెల్లపొణికి కఱ్ఱతో మలచి, చింతగింజల లప్పము మెత్తి, ఎరుపు పసుపు ఆకుపచ్చ వన్నెలు దిద్దిన కొండపల్లి బొమ్మను చేతికందుకొని, ఇది మావంటివారి పనియే యని గుర్తుపట్టును. మన షోకేసులలోనుండి "గాడిరంగులు, పల్లెటూరి సరకు" అని కొండపల్లి దశావతారములను తీసివేసి, ఆ చోట తెల్లని వీనసును పెట్టిన విద్యావంతులు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

పళ్లెరము విసరు యువకుని కథయు వినదగినదే. క్రీస్తు పూర్వము 5వ శతాబ్దమున మైరాను అను శిల్పి దానిని కంచుతో పోతపోసెను. ఆ మూలము నశించినది. రోమనులు పాలరాతితో చెక్కించుకొన్న నకళ్లే నేడు మిగిలియున్నవి. అందొకటి బ్రిటిషు మ్యూజియములో నున్నది. దానికి తలను తప్పు దిక్కునకు త్రిప్పి అతికించిరి. 1781లో రోమునగరమున దొరకిన మరియొక నకలును 1938లో హిట్లరు కొనిపోయి, తన జాత్యహంకారమునకు అదియొక ప్రమాణమన్నట్లు జర్మనులకు చూపెను. యుద్ధానంతరము 1948లో అది ఇటలీకి తిరిగి చేరినది. ఈ చరిత్రయంతయు తెలిసి, అందలి అందమును మెచ్చి నిలుపుకొన్నవానితో మాకు తగాదా లేదు. తెలియక నిలుపుకొన్నవాడు, నకలుకు నకలును, దానికి మరియొక నకలును కొనుచున్నాడు.

నకలుకు నకలు అనుట ఎత్తిపొడుపు కాదు. ఆ పని జరుగు తీరే యట్టిది. అంగడిలోని బొమ్మమీద రబ్బరుపూత పోసి అచ్చు తీయుదురు. ఆ అచ్చులో రెసినును, గాజునారను, బరువుకొరకు పాలరాతిపొడిని నింపి ఆరనిత్తురు. ఆ పోతబొమ్మపై మరియొకడు అచ్చు తీయును. అచ్చు మారినకొలది కనురెప్పలు మాసిపోవును, వ్రేళ్లు అతుకుకొనును, మడతలు మొద్దుబారును. కడకు ముఖమున భావము పోయి ముద్ద మిగులును. రెండచ్చులు కలిసినచోట చెవులవెంబడి సన్నని గీత నిలిచియుండును. ప్లాస్టరుబొమ్మ వానకు కరగును; రెసినుబొమ్మ ఎండకు పసుపెక్కి పెళుసుబారును. ఆ పొడిని, ఆ రసాయనపు ఘాటును ముక్కుకు గుడ్డయైన లేక పీల్చుచు పనిచేయువారు ఎవరు? మన పేదలే. వారి పొట్టకొట్టుట మా అభిమతము కాదు. ఆ రబ్బరు అచ్చునకు దేశద్వేషము లేదు. దానిలో వీనసును పోసినను, రామప్ప మదనికను పోసినను కూలి కూలియే. ఆ కార్మికుడు ఏ బొమ్మ చేయవలెనో నిర్ణయించునది కొనువాని కోరిక.

ఈ కోరిక మనకెట్లు పుట్టినది? ఇది నిన్నటిది కాదు. ఆంగ్లేయులు 1850లో మద్రాసునను, 1857లో బొంబాయినను స్థాపింపబడిన కళాశాలలలో మన బాలురకు గ్రీకు విగ్రహముల ప్లాస్టరు పోతలను ముందుంచి, వానిని చూచి గీయుటయే విద్యయని నేర్పిరి. ఆ కాలమున శిల్పమనిన గ్రీసు, మిగిలినది వింతవస్తువు. 1910లో లండనులోని యొక సభలో బర్డ్‌వుడ్డు అను దొర, బుద్ధవిగ్రహమును ఉడికించిన పిండిముద్దతో పోల్చెను. ఆ మాట అన్నది ఒక పరదేశీయుడు. కాని అంతకుముందే మన యింటిలో జరిగినదేమి? 1896లో కలకత్తా కళాశాలకు అధ్యక్షుడై వచ్చిన హేవెలు అను ఆంగ్లేయుడు, గ్రీకు పోతబొమ్మలను తగ్గించి మన దేశపు కళకు చోటు కల్పింపబూనగా విద్యార్థులే సమ్మెకట్టిరి. దేశీయ పత్రికలే కొన్ని, మనకు ఉత్తమకళ దక్కకుండ చేయుటకు దొర పన్నిన పన్నాగమని కేకలు వేసెను. పరాయివాడు మన సొత్తును మనకు చూపగా, మనము అది మాకు వలదంటిమి. దాస్యము సంకెలలలో కంటె రుచిలో నెక్కువకాలము నిలుచునని దీనివలన తెలియుచున్నది.

మన నగరపు ప్రభువులు సయితము ఈ రుచికి లోనైనవారే. మొదటి సాలార్జంగు 1876లో ఇటలీకి పోయినప్పుడు బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కాను కొని తెచ్చెను. సాలార్జంగు మ్యూజియమునకు పోయినవారందరును దానిముందు నిలిచి, రాతిలో పలుచని వలిపెము కనబడుట చూచి అచ్చెరువందుదురు; మేమును అందితిమి. కాని ఆ ప్రభువు కొన్నది శిల్పి చేతిపని. ఆతడు ఆ పని విలువ నెరిగి కొనెను. ఆ కొనుగోలుతో ఒక శిల్పి బ్రదికెను. ప్రభువుల మేడలనుండి హోటళ్లకు, హోటళ్లనుండి సినిమా సెట్టింగులకు, వానినుండి కల్యాణమంటపములకు, అటనుండి మన మెట్లకు దిగివచ్చుసరికి శిల్పి జారిపోయెను; అచ్చు మాత్రము మిగిలెను.

"నకలు తప్పని యనుచున్నారా? రోమనులు గ్రీకులను నకలు తీయలేదా?" యని ప్రతివాది యడుగవచ్చును. తీసిరి. మనవారును తీసిరి. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940 ప్రాంతమున హైదరాబాదు ప్రభుత్వ పురాతత్త్వశాఖ త్రవ్వించినప్పుడు శాతవాహనుల కాలపు పట్టణము బయటపడెను. అందు రోమను నాణెములను అనుకరించిన మట్టిపతకములు దొరకినవి. ఆ కాలపు ఆంధ్రులు రోమనుల బంగారమును పుచ్చుకొని తమ సరకునిచ్చిరి. వారి నాణెపు అందము నచ్చినచో బొమ్మతీసి మెడను ధరించిరి. నాగార్జునకొండలో కొమ్ముపాత్రను చేతబట్టి నిలచిన యొక మూర్తి గ్రీకుల మధుదేవతను పోలియున్నదని పండితులు గుర్తించిరి. దానిని చెక్కినది మన పలనాటి రాయి. చెక్కినవాడు మన శిల్పి. మెచ్చినదానిని గ్రహించి, తన రాతిలో తన ఉలితో మరల పుట్టించెను. ఆ మట్టిపతకములు చేసిన చేతుల కాలముననే అమరావతి మహాచైత్యము లేచినది. నకలు తీయుచునే చెక్కుట మాననివాడు విద్యార్థి. నకలు కొని చెక్కుట మానిపించువాడు పరాధీనుడు. ఈ భేదమును గ్రహించినచో మా వాదమంతయు గ్రహించినట్లే.

ఇటీవలివారిలో దామెర్ల రామారావుగారి చరిత్రము దీనికి దృష్టాంతము. 1897లో పుట్టి 1925లోనే గతించిన ఆ రాజమహేంద్రవరపు చిత్రకారుడు కూల్డ్రే అను ఆంగ్లేయాచార్యుని ప్రోత్సాహముతో బొంబాయి కళాశాలలో చదివెను. ఐరోపావారు శరీరమును గీయు విద్య నంతయు అభ్యసించెను. అభ్యసించి గోదావరీతీరమునకు తిరిగి వచ్చి, తెలుగు పడుచులను, తెలుగు పల్లెలను చిత్రించెను, శిష్యులను తయారుచేసెను. గ్రీకు పాఠము అతని చేతిని పదును పెట్టినదేకాని కట్టివేయలేదు.

అమరావతి పేరెత్తితిమి గనుక ఆ దుఃఖమును గూడ చెప్పవలెను. 18వ శతాబ్ది తుదిని కొత్తపట్టణము కట్టింపబూనిన జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి మనుష్యులు ఆ దిబ్బను రాళ్లకొరకు త్రవ్విరి. చెక్కిన పలకలను సున్నమునకు కాల్చిరి. మన చేతులు నిర్దోషములు కావు. 1845లో ఎలియటు దొర త్రవ్వించిన పలకలు మద్రాసునకు, అటనుండి 1859లో లండనునకు పోయినవి. 1880లో బ్రిటిషు మ్యూజియము చేరినవి. అవి సున్నపురాతి పలకలు. అయినను గ్రీకువానికి సాటిగా చెప్పుటకై వానిని పాలరాళ్లనిరి! నేడు వానికి అచ్చట ప్రత్యేకమందిరము కలదు. మదించిన నాలాగిరి యేనుగు వీధిలో జనులను త్రొక్కుచు వచ్చి బుద్ధుని యెదుట మోకరిల్లు అద్భుతఫలకము చెన్నపట్టణపు మ్యూజియమున నున్నది. మేడలమీదినుండి తొంగిచూచు స్త్రీలు, భయమున ఒకరినొకరు పట్టుకొన్న జనులు, ఒకే వలయమున ఏనుగు క్రోధమును శాంతమును. ఇంతటి కథను ఒక గుండ్రని రాతిలో ఇమిడించిన చేయి తెలుగునేలది. ఈ ఫలకపు పోతను ఏ ఇంటి గోడమీదనైన చూచితిరా? మేము చూడలేదు.

ఇంకొక ముచ్చట. మా నాగారము కాక సూర్యాపేట జిల్లాలో నాగారమను మండలము మరియొకటి కలదు. ఫణిగిరి అందలి గ్రామమే. ఆ కొండమీది బౌద్ధారామపు తోరణశిల్పములు 2023లో న్యూయార్కు నగరమునందలి మెట్రోపాలిటను మ్యూజియమునకు ప్రదర్శనకై పోయినవి. సముద్రములకు ఆవలివారు నిలిచి చూచి మెచ్చిరి. ఉప్పలునుండి కొన్ని గంటల ప్రయాణములోనున్న ఆ కొండను మన కాలనీవారిలో ఎందరు చూచియుందురు? ఇంటికి మరింత చేరువనే, కీసరగుట్టమీద, విష్ణుకుండినుల నాటి ఇటుకకట్టడములున్నవి. శివరాత్రికి గుట్టనెక్కి దిగువారిలో వానివంక తలత్రిప్పినవారు అరుదు.

గతించినవారి ఘనతను తలచి నిట్టూర్చుట మా యుద్దేశము కాదు. బ్రదికియున్నవారి మాట చెప్పుచున్నాము. ఆళ్లగడ్డలోను, మాచెర్ల చెంత దుర్గిలోను నేటికిని ఉలి చప్పుడు వినవచ్చుచున్నది. పెంబర్తిలో ఇత్తడిరేకును కొట్టి లతలను లేపువారు, ఆదిలాబాదు ఓజులు మైనపుతీగతో ఢోక్రా పోతలు పోయువారు, చేర్యాల నకాషీలు, నిర్మలు బొమ్మలవారు, ఏటికొప్పాక లక్కపనివారు, అందరును మన నడుమనే యున్నారు. వీరిలో పలువురి పనికి 1999 నాటి చట్టము ననుసరించి భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. న్యాయశాస్త్రముతో పరిచయము గలవారమై మేము చెప్పుచున్నాము: ఆ చట్టము పేరును దొంగిలింపకుండ కాపాడగలదు, కొనువానిని తెచ్చి అంగడిముందు నిలుపజాలదు. ఆ పని చట్టసభలది కాదు, గృహస్థులది.

శిల్పులకు నేడు పోషకులు దేవాలయములు మాత్రమే. ఉప్పలునుండి వరంగల్లు బాటను పోయినచో యాదగిరిగుట్ట వచ్చును. 2022 మార్చి 28న పునఃప్రారంభమైన ఆ ఆలయమును కృష్ణశిలతో కట్టుటకు వందలాది శిల్పులు ఏండ్లతరబడి పనిచేసిరి. ఆ స్తంభములను చూచినవారెవ్వరును తెలుగుశిల్పి చేయి చచ్చినదనజాలరు. కాని ఆలయము పూర్తియైన మరునాడు ఆ శిల్పి ఎచ్చటికి పోవలెను? మరియొక ఆలయము లేచువరకు ఏమి తినవలెను? ఇల్లు కట్టువాడు వానిని పిలుచుటలేదు. పిలిచినను, పూజగదికొక చిన్న విగ్రహమునకే. ముందరి ద్వారము, మెట్లు, ముంగిలి, నడవ, ఇవన్నియు అచ్చుబొమ్మలకు వశమైనవి. గృహస్థుడు విడిచిన కళ గుడిగోడలో మాత్రము ఎంతకాలము బ్రదుకును? తండ్రి చేతిలోని ఉలిని కొడుకు అందుకొనక ఆటో తోలుటకు పోయినచో ఆ తప్పెవరిది?

ఇక ప్రతివాదుల ఆక్షేపణలను విచారింతము. మొదటిది: "మన శిల్పములన్నియు దేవతలు. చెప్పులు విడుచు చోట దేవుని నిలుపుదుమా? అందుచే పరాయిబొమ్మను పెట్టుచున్నాము." ఇది గౌరవముతో కూడిన ఆక్షేపణ, దీనిని తేలికగా త్రోసివేయరాదు. పూజింపదగినదానిని అలంకారము చేయవలదని మేమును అందుము. కాని మన శిల్పమంతయు దేవతలేయనుట అజ్ఞానము. అమరావతి పూర్ణకుంభములు, తామరలు, పొట్టి భూతములు పూలదండలు మోయుచు పోవు వరుసలు. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్పగుడి మదనికలు. అచ్చటి యేనుగుల బారులు. ఓరుగల్లు కోట తోరణములమీది హంసలు. పూజ లేక కేవలము నేత్రోత్సవమునకై మన శిల్పి చెక్కినది కొండలంత కలదు. మరియు వీనసు ఒకప్పుడు గ్రీకులకు దేవతయే! మన దేవతను చెప్పులకడ పెట్టరానిచో పరుల దేవతను పెట్టవచ్చుననుట ఏ మర్యాద?

రెండవది: "రాతిపని ఖరీదు, సామాన్యునికి అందదు." నిలువెత్తు వీనసును, మెట్లకు రెండువైపుల సింహములను, గోడకు స్తంభములను కొన్నవాడు సామాన్యుడు కాడు. నిజమైన సామాన్యునకు దుర్గిరాతి చిన్న ఫలకము, పెంబర్తి పళ్లెము, చేర్యాల మొగము, కుమ్మరి కాల్చిన మట్టిగుఱ్ఱము ఉన్నవి. పది అచ్చుబొమ్మలకంటె ఒక చేతిబొమ్మ మేలు.

మూడవది: "కళకు జాతి లేదు." సరియే. కాని జాతి లేని కళ యెప్పుడును పడమటినుండి తూర్పునకే ప్రయాణము చేయుటయేమి? పారిసు మేడల మెట్లప్రక్క మన మదనిక నిలిచిన దినమున ఈ సూత్రమును మేమును అంగీకరింతుము.

నాలుగవది: "నా యిల్లు, నా సొమ్ము, నా యిష్టము." ముమ్మాటికి నిజము. ఎవ్వరి యింటిలోను ఎవ్వరును చొరబడి బొమ్మలను తీయించుటకు మేము సమ్మతింపము. నిషేధమును కోరము, పగులగొట్టువారిని గర్హింతుము. ఇష్టము ఎవరిదో మాత్రము గృహస్థుడే విచారించుకొనవలెను. మేస్త్రి చూపిన పుస్తకములో నున్నదనియు, ప్రక్కయింటివాడు పెట్టెననియు పెట్టినది తన యిష్టమెట్లగును?

మేము కోరునది స్వల్పము. ఇల్లు కట్టు ప్రతి గృహస్థుడును, గచ్చునకు, దీపములకు, రంగులకు వెచ్చించు ద్రవ్యములో కొంత ప్రత్యేకించి, తెలుగు చేతిపని యొకదానిని, చేసినవాని పేరడిగి కొనవలెను. ఆ పేరును తన బిడ్డలకు చెప్పవలెను. వందలాది ఇండ్లను ఒక్కమారు కట్టు నిర్మాతలు తమ ద్వారములను, క్లబ్బుహౌసులను ఆళ్లగడ్డ, దుర్గి శిల్పులకు ఒప్పగింపవలెను. ఒక్క నిర్మాత పూనినను పది కుటుంబములకు ఏండ్లకొలది పని దొరకును. రెండు తెలుగు ప్రభుత్వముల పురాతత్త్వశాఖలును, మ్యూజియములును, అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి, రామప్ప శిల్పములకు నిపుణులచే శ్రద్ధగా అచ్చులు తీయించి, చక్కని పోతలను, వాని చరిత్రను తెలుపు చిన్న కరపత్రముతో గూడ, సరసమైన వెలకు ప్రజలకు విరివిగా అందింపవలెను. పాఠశాలలు బాలురను ఏటికొకమారైన కొండాపురమునకో ఫణిగిరికో కీసరగుట్టకో కొనిపోవలెను. అటుపిమ్మట ఎవరైన వీనసును కోరి తెచ్చుకొన్నచో తెచ్చుకొందురు గాక. అది అప్పుడు ఎరిగినవాని ఎన్నిక యగును.

స్వరాజ్యము వచ్చి 75 ఏండ్లు దాటినవి. పరుల జెండా దిగినది. పరుల కన్ను మాత్రము మన ముఖముననే యున్నది. ఆ కంటితోనే మనము మన యింటిని చూచుకొనుచున్నాము. దానిని తీసివేయుటకు చట్టము చాలదు, ధనము చాలదు. గుమ్మముముందు ఒక నిమిషము నిలిచి, ఈ బొమ్మ ఎవరిది, దీనిని చేసినదెవరు, ఇది ఇచ్చటనేల యున్నదని ప్రశ్నించుకొను ధైర్యము చాలును. ఆ ప్రశ్నకు బదులు చెప్పగల బొమ్మను నిలుపుడు. చేతులు గలిగి, ఆకలితో పనికొరకు ఎదురుచూచు శిల్పులు మనకుండగా, చేతులు లేని దేవతకు మన గుమ్మమున కావలి పెట్టనేల?